రాత్రులు ముందే, పగళ్లు అప్పటికప్పుడే

స్విట్జర్లాండ్ వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడగండి. జ్యూరిక్, లూసర్న్, టిట్లిస్, ఇంటర్‌లాకెన్, యుంగ్‌ఫ్రౌ అని గడగడా అప్పజెప్పేస్తారు. ఎక్కడ బస చేశారని అడిగితే మాత్రం కాస్త తడుముకుంటారు. "ఏదో హోటలండీ, ఊరి బయట. రాత్రి పదింటికి దింపారు, పొద్దున్నే మళ్లీ బస్సెక్కించారు" అంటారు. లక్షలు పోసి ఆల్ప్స్ దాకా వెళ్లి, ఆ కొండల్లో ఒక్క రాత్రి కూడా పడుకోకుండా తిరిగొస్తాం. ఇందులో ప్యాకేజీ టూరు వాళ్లనొక్కళ్లనే అని లాభం లేదు. సొంతంగా ప్లాన్ వేసుకునేవాళ్లు కూడా ముందు చూడాల్సినవన్నీ రాసుకుంటారు, వాటికి టికెట్లు కొంటారు, ఆఖర్న మిగిలిన డబ్బుకి ఎక్కడ గది దొరికితే అక్కడ దిగుతారు.

ఆ వరుసను తిరగేయండి. కొండ ఊళ్లో సెలవు బాగా గడవాలంటే రాత్రులు గట్టిగా కట్టుకోవాలి, పగళ్లు వదులుగా ఉంచుకోవాలి. అక్కడ పగలు మన చేతిలో ఉండేది కాదు, మబ్బు చేతిలో ఉండేది. శిఖరం మీదికి నెల ముందే టికెట్ కొనేసి, తీరా ఆ రోజు పైన తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనబడక, ఓ కాఫీ తాగి దిగివచ్చే కుటుంబాలు ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి. గది సంగతి అలా కాదు. ఏ ఊళ్లో, ఊరికి ఏ చివర, ఏ వైపు కిటికీ ఉన్న గదిలో ఎన్ని రాత్రులు ఉండాలన్నది పూర్తిగా మనం తేల్చుకోగలిగిన విషయం. అది సరిగ్గా తేల్చుకుంటే పగలు ఏం చేయాలన్న ప్రశ్న సగం దానంతటదే తీరిపోతుంది.

మాట గాల్లో ఉండిపోకుండా ఒక్క ఊరిని పట్టుకుని చెబుతాను. మ్యూరెన్.

వాకిట్లో కొండ

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ రాష్ట్రంలో లౌటర్‌బ్రున్నెన్ అని ఒక లోతైన లోయ ఉంది. రెండు వైపులా నిట్టనిలువు రాతిగోడలు, వాటి మీది నుంచి దూకే జలపాతాలు. ఆ గోడల్లో ఒకదాని అంచున, 1,638 మీటర్ల ఎత్తున ఉంటుంది మ్యూరెన్. మన తూర్పు కనుమల్లో బాగా ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మ కొండ 1,680 మీటర్లు. అంటే మ్యూరెన్ వీధిలో నడుస్తున్నామంటే దాదాపు అర్మ కొండ నెత్తి మీద నడుస్తున్నట్టే. అక్కడి నుంచి తలెత్తితే ఎదురుగా ఇంకా రెండున్నర వేల మీటర్ల కొండ నిలబడి ఉంటుంది. ఎడమ నుంచి కుడికి వరుసగా ఐగర్ 3,967 మీటర్లు, మ్యోంఖ్ 4,110, యుంగ్‌ఫ్రౌ 4,158.

ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లు ఐదు వందల మందికి మించరు. కార్లు రావు. లోయ నుంచి కేబుల్ కార్‌లోనో, కేబుల్ కార్ దిగి చిన్న కొండ రైలెక్కో రావాలి. అంత చిన్న ఊళ్లో ఇన్ని హోటళ్లు, ఈత కొలను, ఐస్ మీద స్కేటింగ్ చేసే మైదానం ఎందుకున్నాయంటే, ఇంగ్లీషువాళ్ల పుణ్యం. 1891లో రైలు వచ్చాక వేసవిలో జనం వచ్చిపోయేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ యాత్రికులు చలికాలంలో కూడా రావడం మొదలుపెట్టారు. స్కీ ఆటలో జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలమ్ పోటీని ఇప్పటి రూపంలో ఆర్నాల్డ్ లన్ అనే ఇంగ్లీషాయన 1922లో ఇక్కడే మొదలుపెట్టాడు. ఆల్పైన్ స్కీయింగ్ తొలి ప్రపంచ పోటీలు 1931లో జరిగిందీ ఇక్కడే. 1928లో మొదలైన ఇన్‌ఫెర్నో అనే స్కీ పోటీ కోసం ఇప్పటికీ ప్రతి జనవరిలోనూ జనం దిగుతారు. ఆ వారంలో గది దొరకడం కష్టం. మీకు పోటీ మీద ఆసక్తి లేకపోతే ఆ తేదీలు చూసుకుని తప్పించండి.

ఇక్కడ రాత్రి ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం వెలుతురు. బ్రోషర్‌లో ఎవరూ రాయరు గానీ, మ్యాప్ చూస్తే తెలిసిపోతుంది. శిఖరాలు ఊరికి తూర్పున ఉన్నాయి. పొద్దున సూర్యుడు వాటి వెనక నుంచి వస్తాడు కాబట్టి మంచు కనబడదు, నల్లటి గీతలా అంచు మాత్రమే కనబడుతుంది. మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ వాటి ముఖాన పడుతుంది. ఊళ్లో నీడ పడిపోయిన తర్వాత కూడా పైన మంచు మీద ఎర్రటి ఎండ కాసేపు నిలుస్తుంది. పగటి పూట చూడ్డానికి వచ్చేవాళ్లు పదింటికి వచ్చి నాలుగింటికి దిగిపోతారు. సరిగ్గా చూడాల్సింది మొదలయ్యే వేళకి వాళ్లు కింద రైలు ప్లాట్‌ఫారం మీద ఉంటారు. ఊళ్లో బస చేసినవాళ్లకి ఆ సాయంత్రం టికెట్ లేకుండా దొరుకుతుంది.

గది అడిగే ముందు

మ్యూరెన్‌కి రెండు చివరలు. ఉత్తరాన రైల్వే స్టేషన్, దక్షిణాన కేబుల్ కార్ స్టేషన్. మధ్యలో నడక పావుగంట పైనే. వినడానికి ఏముంది అనిపిస్తుంది గానీ, రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక మోకాళ్ల నొప్పుల అమ్మ, ఒక నిద్రమొహం పిల్లాడు ఉంటే ఆ పావుగంటే ప్రయాణమంతా గుర్తుంటుంది. అందుకని బుక్ చేసే ముందు హోటల్ ఏ చివరన ఉందో చూడండి, దాన్ని బట్టి ఏ దారిన రావాలో తేల్చుకోండి. హోటల్ ఐగర్ రైల్వే స్టేషన్ ముందే ఉంటుంది. కాస్త తక్కువ ఖర్చులో ఐగర్ గెస్ట్‌హౌస్ కూడా ఆ పక్కనే. అల్పెన్‌రూ కేబుల్ కార్ స్టేషన్ పక్కన. ఎడెల్‌వైస్ ఊరి మధ్యలో సరిగ్గా లోయ అంచున కూర్చుని ఉంటుంది.

రెండో ప్రశ్న కిటికీ ఎటు వైపు అన్నది. ఒకే హోటల్లో కొండ వైపు గదికి ఒక ధర, వెనక వాలు వైపు గదికి ఇంకో ధర ఉంటుంది. బడ్జెట్‌లో ఎక్కడైనా కోత పెట్టండి గానీ ఇక్కడ వద్దు. వాన పట్టి గదిలోంచి కదలలేని రోజున మబ్బు తొలగిన పది నిమిషాలూ మీవి కావాలంటే ఆ కిటికీ ఉండాలి. కావాలంటే ఆ తేడా డబ్బుని భోజనాల్లో ఆదా చేసుకోండి. భోజనాల మాటకొస్తే, పొద్దున టిఫిన్‌తో పాటు రాత్రి భోజనం కూడా కలిపి ఇచ్చే పద్ధతి ఉంటుంది, దాన్ని హాఫ్ బోర్డ్ అంటారు. మాంసం తినేవాళ్లకి అది లాభమే. శాకాహారులు మాత్రం ముందుగా రాసి అడిగి, జవాబు వచ్చాకే ఒప్పుకోండి.

మూడు రాత్రుల కంటే ఎక్కువ ఉండే కుటుంబాలకి నా ఓటు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌కే. అక్కడి రెస్టారెంట్ ధరలు నలుగురికి లెక్కేసుకుంటే ఎవరికైనా వంట మీద మనసు పోతుంది. అయితే కొన్ని సంగతులు తెలిసి వెళ్లాలి. ఆ ఎత్తున నీళ్లు 100 డిగ్రీల దాకా రాకుండా 95 దగ్గరే మరుగుతాయి. అన్నానికి నీళ్లూ సమయమూ కాస్త ఎక్కువ పడతాయి, అంతే. కందిపప్పు మాత్రం మామూలు గిన్నెలో ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. పెసరపప్పు తీసుకెళ్లడం తెలివైన పని. కుక్కర్ తీసుకెళ్తామంటే, అక్కడ చాలా ఇళ్లలో ఇండక్షన్ స్టవ్‌లు ఉంటాయి, అల్యూమినియం కుక్కర్‌ని అవి గుర్తించవు. చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మేలు. ప్లగ్గుల్లోనూ ఒక మెలిక ఉంది. స్విస్ సాకెట్ యూరప్‌లో మిగతా దేశాల సాకెట్ లాంటిది కాదు. సన్నటి రెండు పుల్లల ఫోన్ ఛార్జర్ పడుతుంది. జర్మనీలో కొన్న లావాటి గుండ్రటి ప్లగ్గు పట్టదు, మన మూడు పుల్లల ప్లగ్గు అసలే పట్టదు. స్విస్ అడాప్టర్ అని అడిగి కొనండి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరవడం, చిమ్నీ వేయడం మరిచిపోతే పొగ అలారం మోగి పక్క ఫ్లాట్ల వాళ్లంతా బయటికొస్తారు.

సూట్‌కేసులో ఏం పెట్టకూడదో కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దేశం నుంచి మాంసం, పాలపదార్థాలు స్విట్జర్లాండ్‌లోకి తీసుకెళ్లనివ్వరు. గోంగూర మటన్ పచ్చడి, అమ్మ కాచిన నెయ్యి రెండూ ఆ లెక్కలోకే వస్తాయి. పచ్చి కరివేపాకు రెమ్మలు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, అటుకులు, ఎండబెట్టిన కరివేపాకు పొడి హాయిగా పట్టుకెళ్లండి. వెన్న అక్కడ కొనుక్కుని గిన్నెలో కాచుకుంటే పావుగంటలో నెయ్యి. ఆ దేశపు ఆవుపాల వెన్నకి వంక పెట్టాల్సిన పని లేదు.

అపార్ట్‌మెంట్ ధర చూసేటప్పుడు రాత్రికి ఎంత అన్నది ఒక్కటే చూసి మురిసిపోకండి. ఆఖరి రోజు శుభ్రం చేసినందుకు విడిగా ఒక మొత్తం ఉంటుంది, మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను ఉంటుంది. ఆ పన్నుకి బదులుగా గెస్ట్ కార్డు ఇస్తారు, దానితో ఈత కొలను వంటి వాటికి రాయితీ దొరుకుతుంది. అడగకపోతే కొందరు ఇవ్వడం మరిచిపోతారు కాబట్టి అడిగి తీసుకోండి. రద్దీ సీజన్‌లో శనివారం నుంచి శనివారం దాకా, వారం లెక్కనే ఇచ్చే ఇళ్లు ఎక్కువ. రాత్రి పది దాటాక గట్టిగా మాట్లాడటం, బాల్కనీలో ఫోన్‌లో లౌడ్‌స్పీకర్ పెట్టడం అక్కడ పెద్ద నేరం కింద లెక్క.

డబ్బు మరీ బిగుతుగా ఉన్న కుర్రాళ్లకి మ్యూరెన్ కిందనే, 1,363 మీటర్ల దగ్గర గిమ్మెల్వాల్డ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి మౌంటెన్ హాస్టల్ బ్యాక్‌ప్యాకర్లకి బాగా తెలిసిన చోటు. మనిషి లేని దుకాణం కూడా ఆ ఊళ్లో ఒకటి ఉంది. వస్తువు తీసుకుని డబ్బు డబ్బాలో వేసి వెళ్లిపోవాలి. పెద్దవాళ్లు, గుండె జబ్బులున్నవాళ్లు ఉంటే లోయకి అవతలి వైపున్న వెంగెన్ చూడండి. 1,274 మీటర్లే, కార్లు అక్కడికీ రావు, లౌటర్‌బ్రున్నెన్ నుంచి రైలు నేరుగా ఊళ్లోకి వెళ్తుంది. కేబుల్ కార్ అంటే భయపడేవాళ్లకి ఇదొక్క కారణం చాలు. లోయ అడుగున లౌటర్‌బ్రున్నెన్‌లోనే ఉంటే 297 మీటర్ల స్టౌబ్‌బాఖ్ జలపాతం కిటికీలోంచే కనబడవచ్చు. కానీ రెండు గోడల మధ్య చలికాలంలో ఎండ చాలా ఆలస్యంగా వచ్చి తొందరగా పోతుంది. ఇంటర్‌లాకెన్‌లో మన భోజనం దొరుకుతుంది, యశ్ చోప్రా కంచు విగ్రహం ఉంది, అన్ని వైపులకీ రైళ్లున్నాయి. ఒక్క రాత్రికే వెళ్తుంటే అక్కడే ఉండండి. నాలుగు రాత్రులకి మాత్రం వద్దు. అది రెండు సరస్సుల మధ్య పట్నం, కొండ ఊరు కాదు.

మన సెలవులు, వాళ్ల సీజన్లు

మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. మన పిల్లలకి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా. ఆల్ప్స్‌లో సరిగ్గా అది ఏ సీజనూ కాని కాలం. స్కీ సీజన్ అయిపోతుంది, వేసవి మొదలవదు. హోటళ్లు మూసి సున్నాలు వేసుకుంటారు, కేబుల్ కార్లని మరమ్మతుకి ఆపుతారు, పై దారుల మీద కరగని మంచు ఉండి నడవనివ్వదు. కింద లోయలో పచ్చగా, పూలతో అద్భుతంగా ఉంటుంది కాబట్టి మే నెలలో వెళ్తే లౌటర్‌బ్రున్నెన్‌లోనో ఇంటర్‌లాకెన్‌లోనో ఉండటమే న్యాయం. మ్యూరెన్ లాంటి ఊరికి జూన్ రెండో సగం నుంచి సెప్టెంబర్ చివర దాకా మంచి కాలం. మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు, కూతురు రమ్మంటే వెళ్లే తల్లిదండ్రులకి నా సలహా సెప్టెంబర్. ఎండ మెత్తగా ఉంటుంది, యూరప్ పిల్లలు బడికి వెళ్లిపోతారు, ఆవులు కొండల మీది నుంచి దిగొచ్చే రోజులవి. దసరా సెలవులు సెప్టెంబర్ చివరకో అక్టోబర్ మొదటికో పడిన ఏడాది పిల్లలతోనూ కుదురుతుంది. అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ మధ్య దాకా మళ్లీ అదే మూత. సంక్రాంతికి వెళ్తే నిండు మంచు. స్కీ రాకపోయినా ఫర్వాలేదు, చెక్క స్లెడ్జి అద్దెకి తీసుకుని జారడానికి ఏ శిక్షణా అక్కర్లేదు. చలికాలంలో నడవడానికి మంచు చదును చేసిన దారులు కూడా ఉంటాయి.

పొద్దున ఆరింటికి తేల్చాల్సింది

రాత్రులు తేలాయి. ఇక పగళ్లు. లేవగానే చేయాల్సిన పని కెమెరా చూడటం. ప్రతి కేబుల్ కార్ కంపెనీ పై స్టేషన్లలో కెమెరాలు పెట్టి ఆ క్షణాన అక్కడ ఎలా ఉందో వెబ్‌సైట్‌లో చూపిస్తుంది. చాలా హోటళ్లలో టీవీ పెడితే ఒక ఛానల్లో అవే దృశ్యాలు నెమ్మదిగా తిరుగుతూ ఉంటాయి, కింద ఉష్ణోగ్రత కూడా ఉంటుంది. మీ కిటికీలోంచి మబ్బే కనబడుతున్నా పైన నీలాకాశం ఉండవచ్చు, దానికి తారుమారుగానూ ఉండవచ్చు. నమ్మాల్సింది కెమెరాని.

పైన తెరిపిగా ఉన్న మొదటి ఉదయమే పైకి వెళ్లిపోండి. రేపటికి దాచుకోవద్దు. వేసవిలో పదకొండు దాటితే ఎండకి లేచిన ఆవిరి మబ్బులు కట్టడం మొదలవుతుంది, సాయంత్రానికి ఉరుములు కూడా మామూలే. మ్యూరెన్ నుంచి పైకంటే షిల్ట్‌హార్న్, 2,970 మీటర్లు. 1969లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా అక్కడే తీశారు, తిరిగే రెస్టారెంట్ అప్పటిదే. పాత కేబుల్ కార్ల స్థానంలో కొత్తవి వేశారు. లోయలోని స్టెఖెల్‌బెర్గ్ నుంచి మ్యూరెన్‌కి 2024 డిసెంబర్‌లో మొదలైనది ప్రపంచంలోకెల్లా ఎక్కువ వాలున్న కేబుల్ కార్, 159.4 శాతం వాలు. దాదాపు నిలువునా లేచినట్టే ఉంటుంది, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే చలి సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది. లోయలో 20 డిగ్రీల ఎండలో బయల్దేరినా పైన ఏడెనిమిదే ఉంటుంది. స్వెటర్ సంచిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు.

యుంగ్‌ఫ్రౌయోఖ్ సంగతేమిటని అడుగుతారు. 3,454 మీటర్ల దగ్గర 1912లో కట్టిన రైల్వే స్టేషన్, ఐగర్, మ్యోంఖ్ కొండల కడుపులోంచి తొలిచిన సొరంగం, పైన ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన ఆలెచ్ హిమానీనదం. గొప్పదే, కాదనను. కానీ మ్యూరెన్ నుంచి కిందికి దిగి మళ్లీ అవతలి కొండెక్కాలి కాబట్టి పోను రాను ఒక రోజంతా పోతుంది. పూర్తి ధర మనిషికి రెండు వందల ఫ్రాంకులు దాటుతుంది. అక్కడ గాలి సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు పలచన. గర్భిణులు, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడిగే వెళ్లాలి. ఒక ప్రయాణంలో షిల్ట్‌హార్న్, యుంగ్‌ఫ్రౌయోఖ్‌లలో ఒకటి చాలన్నది నా అభిప్రాయం. ప్రాణం యుంగ్‌ఫ్రౌ మీదే ఉంటే బస వెంగెన్‌లోనో గ్రిండెల్వాల్డ్‌లోనో పెట్టుకోండి. గ్రిండెల్వాల్డ్ నుంచి 2020లో వచ్చిన ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్ పావుగంటలో ఐగర్ హిమానీనదం స్టేషన్ దాకా చేరుస్తుంది, అక్కడ సొరంగం రైలెక్కవచ్చు.

టికెట్ ముందే కొనేసిన ఇంట్లో ఉదయం ఆరింటికి ఇలాంటి సంభాషణ ఒకటి నడుస్తుంది.

"నాన్నా, పైన ఏమీ కనబడట్లేదు. ఇవాళ వద్దు."

"కొన్నాం కదమ్మా! నలుగురికీ కలిపి ఎంతయిందో తెలుసా?"

"పోయిన డబ్బు ఎలాగూ పోయింది. రోజు కూడా పోగొట్టుకుందామా?"

కూతురిదే సరైన లెక్క. కానీ ఆ లెక్క ఒప్పుకోవడం నాన్నకి ఎంత కష్టమో మనందరికీ తెలుసు. డబ్బు పెట్టాం కాబట్టి చేసి తీరాలన్న పట్టుదల ఆఫీసులోనూ పెళ్లిళ్లలోనూ మనల్ని సతాయించేదే, కొండ మీద ఇంకొంచెం ఖరీదుగా సతాయిస్తుంది. అసలు ఆ వాదనే రాకుండా ఉండాలంటే తేదీ వేసిన టికెట్ ముందుగా కొనకుండా ఉండటమే దారి. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే మ్యూరెన్ దాకా రైళ్లు, కేబుల్ కార్లు అందులోనే వచ్చేస్తాయి. అక్కడి నుంచి పైకి వెళ్లే టికెట్ ఆ రోజు ఉదయం కెమెరా చూశాక కొనండి.

మబ్బు సగం సగంగా ఉన్న రోజున మధ్య ఎత్తులో తిరగాలి. ఊళ్లోంచే ఆల్మెండ్‌హూబెల్‌కి తాడుతో లాగే చిన్న రైలు ఉంది, 1912 నాటిది. నాలుగైదు నిమిషాల్లో 1,907 మీటర్లకి చేరుస్తుంది. పైన పిల్లలకి ఆటస్థలం, పెద్దవాళ్లకి కూర్చునే చోటు, జూన్ చివర నుంచి రకరకాల కొండ పూలు. అమ్మానాన్నలతో వెళ్తే నేను మొదట చెప్పేది ఇదే. ఇంకా తేలికైనది మ్యూరెన్ నుంచి రైలు పట్టాల పక్కనే గ్రూచాల్ప్ దాకా నడక. మ్యూరెన్ నుంచి బయల్దేరితే దారంతా మెల్లగా దిగుడే, ఎడతెగని కొండల దృశ్యం కుడి చేతి వైపు. మధ్యలో వింటరెగ్ దగ్గర తినడానికి చోటుంది, కాళ్లు లాగితే అక్కడే రైలెక్కేయొచ్చు. కుర్రాళ్లకి మ్యూరెన్ నుంచి గిమ్మెల్వాల్డ్ దాకా రాతిగోడ వెంట ఇనుప తాడు పట్టుకుని, గోడకి దిగేసిన ఇనుప మెట్ల మీద వెళ్లే వియా ఫెరాటా ఉంది. కాళ్ల కింద కొన్ని వందల మీటర్ల ఖాళీ. గైడ్ లేకుండా మొదటిసారి వెళ్లకండి. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ అలాంటి వాటికి వర్తిస్తుందో లేదో వీసా కాగితాలు సిద్ధం చేసేటప్పుడే చదువుకోండి. షెంజెన్ వీసాకి 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి గానీ, కొండ మీద సాహస క్రీడల్ని చాలా పాలసీలు పక్కనపెడతాయి.

నడక దారుల్లో పసుపు పచ్చ బాణాలు కనబడతాయి. పసుపు ఒక్కటే ఉంటే మామూలు నడక. తెలుపు, ఎరుపు, తెలుపు చారలుంటే కొండ దారి, గట్టి బూట్లు, నిలకడగల అడుగు కావాలి. తెలుపు, నీలం, తెలుపు కనబడితే వెనక్కి తిరగండి, అది పర్వతారోహకులది. బోర్డు మీద రాసిన సమయం ఆగకుండా నడిస్తే పట్టేది. ఫొటోలు, మంచినీళ్లు, అత్తయ్యగారి మోకాలు కలుపుకుని దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోండి. ఆవుల మంద దారికి అడ్డంగా ఉంటే, ముఖ్యంగా దూడలతో ఉంటే, దగ్గరికెళ్లి నిమరడం మన అలవాటు కొద్దీ చేస్తాం. అక్కడ చేయకండి. చుట్టూ తిరిగి వెళ్లండి, తెరిచిన గేటు మళ్లీ వేయండి. ఏదైనా జరిగితే హెలికాప్టర్ రక్షణ సంస్థ రేగా నంబర్ 1414, లేదా యూరప్ అంతటా పనిచేసే 112.

పూర్తిగా వాన పట్టిన రోజున లోయలోకి దిగండి. ట్రూమ్మెల్‌బాఖ్ జలపాతాలు కొండ లోపల ఉన్నాయి. ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ హిమానీనదాల నీళ్లన్నీ ఒకే రాతి చీలికలోంచి పది జలపాతాలుగా దూకుతాయి, సెకనుకి 20,000 లీటర్ల దాకా. ఆ హోరుకి పక్క మనిషి మాట వినబడదు, కాలి కింద రాయి అదురుతుంది. వాన పడితే ఇంకా ఉధృతం, మనం ఎలాగూ తడుస్తాం. చలికాలంలో మూసేస్తారు, నాలుగేళ్ల లోపు పిల్లలని రానివ్వరు.

తిండి విషయంలో శాకాహారులకి రెండు జాగ్రత్తలు. తురిమిన బంగాళాదుంపల రోష్టీ, మాకరోనీతో బంగాళాదుంపలు, మీగడ కలిపి చేసే ఆల్ప్లర్‌మాగ్రోనెన్ కడుపు నింపేవే గానీ రెండింట్లోనూ పంది మాంసం ముక్కలు వేయడం మామూలు, వద్దని చెప్పాలి. జున్ను కరిగించి ఇచ్చే ఫాండ్యూలో వైన్ ఉంటుంది, సంప్రదాయ స్విస్ జున్నుల్ని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారు. పట్టింపు ఉన్నవాళ్లు తెలిసే నిర్ణయించుకోండి. నీళ్ల సీసాలు మాత్రం కొనకండి. కుళాయి నీళ్లు, ఊరి తొట్టెల్లో పడే ధార నీళ్లు తాగొచ్చు. తాగకూడని చోట బోర్డు ఉంటుంది. ఊళ్లో ఉన్న కో-ఆప్ దుకాణం పట్నంలోలా రాత్రి దాకా తెరిచి ఉండదు, వచ్చిన మొదటి రోజే వేళలు చూసి పెట్టుకోండి.

ఇవన్నీ చేసినా ఇంకా ఖాళీ మిగులుతుంది. మిగలాలి. మనవాళ్లకి కష్టమైంది ఈ ఖాళీయే. నలుగురూ నాలుగు రోజులూ కలిసే తిరగాలి, ఎవరైనా గదిలో ఉంటానంటే వాళ్లకి ఒంట్లో బాగాలేదని కంగారు. బస ఊళ్లోనే ఉన్నప్పుడు ఆ బాధ లేదు. నాన్న బాల్కనీలో కూర్చుంటాడు, అమ్మ దుకాణం దాకా నడిచొస్తుంది, పిల్లలు కొలనుకి వెళ్తారు, కొత్త దంపతులు గిమ్మెల్వాల్డ్ దాకా నడుస్తారు. రాత్రి ఎనిమిదింటికి పెసరపప్పు, ఆవకాయ దగ్గర అందరూ కలుస్తారు. కార్లు లేని ఊరు కాబట్టి పదేళ్ల పిల్లని ఒంటరిగా పంపినా గుండె దడ ఉండదు. పెద్దవాళ్లకి నేను ఒకే ఒక నియమం పెడతాను: ఒక పూటకి ఒక్క పనే. పొద్దున పైకి వెళ్తే మధ్యాహ్నం ఏదీ పెట్టుకోకండి.

చేరే దారిలో జాగ్రత్త పడాల్సిన చోటు ఒక్కటే. జ్యూరిక్ విమానాశ్రయం నుంచి ఇంటర్‌లాకెన్ ఓస్ట్ దాకా కళ్లు మూసుకుని రావచ్చు. అక్కడ ఎక్కే కొండ రైలు మాత్రం స్వైల్యూట్‌షినెన్ అనే చిన్న స్టేషన్లో రెండుగా విడిపోతుంది. సగం పెట్టెలు లౌటర్‌బ్రున్నెన్‌కి, సగం గ్రిండెల్వాల్డ్‌కి. పెట్టె పక్కన, ప్లాట్‌ఫారం బోర్డు మీద పేరు చూసి ఎక్కండి. నలుగురూ ఒకే భాగంలో ఉన్నారో లేదో ఇంకోసారి చూసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు ఇప్పటిదాకా చెప్పినదానికి ఒక మినహాయింపు. గాలి ఎక్కువైతే కేబుల్ కార్లు ఆగుతాయి, మ్యూరెన్ నుంచి విమానాశ్రయం చేరడానికి నాలుగు గంటలు ఉంచుకోవాలి. మీ విమానం ఉదయం పూట ఉంటే ఆఖరి రాత్రి కొండ మీద పడుకోకండి. ముందు రోజు మధ్యాహ్నమే దిగిపోయి జ్యూరిక్ విమానాశ్రయం దగ్గర ఒక మామూలు గది తీసుకోండి. ఆ గది కిటికీ ఎటు ఉన్నా ఫర్వాలేదు.